మధ్యాహ్నం పూట మా గది

కరెంటు పనిలో నాకు ముప్పై ఏళ్ళు నిండాయి. లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌నయ్యాను. పని గుంటూరులో, ఇల్లు పెదకాకానిలో.

బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డు నా కళ్ళముందే మారిపోయింది. నేను చేరిన కొత్తలో ఆ వీధి మొత్తానికీ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ సరిపోయేది. పెంకుటిళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు, క్లినిక్‌లు, కోచింగ్ సెంటర్లు వచ్చాయి. దాన్ని తీసి పెద్దది పెట్టాం. కొన్నేళ్ళకు అదీ చాలక ఇంకా పెద్దది పెట్టాం. మూడేళ్ళ కిందట ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, లోడు మోయలేక అదీ కాలిపోయింది. కొత్తది బిగిస్తూ పైనుంచి చూస్తే ప్రతి గోడకూ ఏసీ పెట్టెలే. వాటి వేడిగాలి వచ్చి మా మొహాలకు కొడుతోంది.

అంతకు కొద్దిరోజుల ముందే మాకు శిక్షణ తరగతి పెట్టారు. మనం వాడే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు కాల్చి తీసేదేననీ, ఆ పొగ వల్లే ఏటా ఎండలు ముదురుతున్నాయనీ ఒక ఇంజనీరు గారు వివరంగా చెప్పారు. ఇన్నేళ్ళూ తీగలు లాగానే గానీ, వాటి అవతలి కొసన ఏం కాలుతోందో నేను ఎన్నడూ ఆలోచించలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏసీ లేదన్న సంగతి నాకు కాస్త గొప్పగా అనిపించడం మొదలైంది. మా ఆవిడతో ఆ మాటే అన్నాను.

"మనకి లేదు కాబట్టి అంటున్నారు," అంది నవ్వి.

ఆ నెలలోనే ఆమెకు వడదెబ్బ తగిలింది. మాకు ఎకరం మిరప ఉంది. కల్లంలో కాయలు ఆరబోసి, కూలికి వచ్చిన ఆడవాళ్ళతో కలిసి తనూ తాలుకాయలు ఏరుతోంది. ఉన్నట్టుండి మాట తడబడి పక్కకు ఒరిగిపోయిందట. వాళ్ళే నీళ్ళు చల్లి, ఆటోలో గుంటూరు ఆసుపత్రికి తీసుకొచ్చారు. నేను వెళ్ళేసరికి ఒళ్ళు పెనంలా కాలుతోంది. నన్ను గుర్తుపట్టలేదు. నేను ఎవరినో చెప్పడానికి ఆమె పక్కన నిలబడి నా పేరు నేనే రెండుసార్లు చెప్పుకున్నాను.

నాలుగో రోజు ఇంటికి పంపుతూ డాక్టరు గారు, "ఈ వేసవంతా గది చల్లగా ఉంచండి. ఇంకోసారి తగిలితే కష్టం," అన్నారు.

ఆ సాయంత్రమే ఏసీ కొన్నాను. బొగ్గు సంగతి గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తుకొచ్చింది. అయినా కొన్నాను.

వారం తర్వాత భోజనానికి ఇంటికొస్తే గుమ్మం ముందు పది జతల చెప్పులున్నాయి. తలుపు తీస్తే నేలమీద చాపలు పరుచుకుని కూలి ఆడవాళ్ళంతా పడుకుని ఉన్నారు. ఒకామె గురక పెడుతోంది. మా ఆవిడ మంచం మీద కూర్చుని, మాట్లాడొద్దని నాకు సైగ చేసింది. బయటికొచ్చాక నెమ్మదిగా చెప్పింది.

"పొద్దున్నే దిగి పన్నెండుకల్లా పని ఆపమన్నానండి. ఎండ తగ్గాక మళ్ళీ పోతారు. నన్ను మోసుకొచ్చింది వాళ్ళేగా. వాళ్ళని ఎండలో వదిలేసి నేనొక్కదాన్నే చల్లగా పడుకోనా?"

ఆ పూట వరండాలో కూర్చుని అన్నం తిన్నాను. బ్రాడీపేటలో ఒక్కో గదిలో ఒక్కో మనిషికి ఖర్చయ్యే కరెంటు ఇక్కడ పదకొండు మందిని కాస్తోంది. అది న్యాయంగా తోచింది. కానీ రేపు ఈ పదిమందీ తలా ఒకటి కొనుక్కుంటే? వద్దనడానికి నేనెవర్ని?

నిద్ర లేచాక వాళ్ళలో పెద్దావిడ వచ్చి వరండా అరుగు మీద కూర్చుంది.

"ఏం అబ్బాయ్, ఈ చల్లదనం యాడ్నించి వచ్చుద్ది?"

"బొగ్గు కాలిస్తే పెద్దమ్మా," అన్నాను. ఆ పొగకు ఎండలు ఇంకా పెరుగుతాయని కూడా చెప్పాను.

"అయితే మేం చల్లగా పండుకుంటే ఇంకోచోట ఎవరికో ఎండ తగులుద్దన్నమాట."

"ఇంకోచోటేంటి, మనకే తగులుతుంది."

"ఇన్నాళ్ళూ మేమేం కాల్చామయ్యా, పొయ్యిలో పత్తికట్టె తప్ప? ఎండ మాత్రం మాకే ముందు తగిలె." కోపంగా అనలేదు. తలగుడ్డ చుట్టుకుని కల్లం వైపు నడిచింది.

మరుసటి ఏడు ఇంటిమీద సోలార్ పలకలు పెట్టించాను. పగలు అవే గదిని చల్లబరుస్తాయి, రాత్రి మళ్ళీ బొగ్గు కరెంటే. మా ఆవిడ కోలుకుంది గానీ ఎండలోకి వెళ్ళడం మానేసింది. మిరపకోతలు మొదలైతే మధ్యాహ్నాలు ఆ గది ఇప్పటికీ వాళ్ళదే. పోయినేడు ఆ పెద్దావిడ కోడలు కూడా ఏడాది పిల్లను చంకనేసుకుని వచ్చింది. చలికి పిల్ల ముడుచుకుంటే, మా ఆవిడ బీరువాలోంచి దుప్పటి తీసి కప్పింది.