ఆరో పిల్ల

మా అక్క చెవిటి పిల్లలకు చదువు చెప్పాలని ఎప్పుడూ అనుకోలేదు. అక్క అంటే సొంత అక్క కాదు, ఒకే బడిలో పాతికేళ్లు పక్కపక్కన పనిచేశాం కాబట్టి అక్క అయింది. నేను లెక్కల టీచర్ని. ఆమె నన్ను 'లెక్కలూ' అని పిలిచేది. నాకు తెలిసినదంతా ఆమె నాతో చెప్పిందీ, నేను కళ్లారా చూసిందీ. ఇందులో నా సంతకం కూడా ఉంది కాబట్టి నేను చెబితేనే బాగుంటుంది.

ఆమెకు ఇష్టమైంది చరిత్ర. రాజుల పేర్లు కాదు, పాతకాలంలో మామూలు మనుషులు ఏం కట్టుకున్నారు, దేనికి పోట్లాడుకున్నారు అన్న సంగతులు. అవి చెప్పడం మొదలుపెడితే కాలు కాలిన పిల్లిలా తిరిగే మా హెడ్మాస్టరు కూడా నిలబడి వినేవాడు. టీచరు ట్రైనింగు దరఖాస్తులో 'ప్రత్యేక సబ్జెక్టు' అన్న గడిలో ఆమె పెన్సిల్‌తో చరిత్ర అని రాసుకుంది. వాళ్ల నాన్న రబ్బరు తెచ్చి చెరిపేశాడు.

ఆయన అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేవాడు. ఇరవై రెండేళ్లు పేర్చాక కొత్త మిషను ఒకటి వచ్చి ఒక్క పూటలో ఆయన్ని ఇంటికి పంపేసింది. అప్పట్నుంచి ఆయనకు లోకంలో రెండే రకాల పనులు, పోయేవీ పోనివీ. కూతురి దరఖాస్తు కోసం గ్రంథాలయంలో కూర్చుని పదేళ్ల పాత పేపర్లలో టీచరు పోస్టుల ప్రకటనలన్నీ కాగితం మీదికి ఎక్కించుకొచ్చాడు. సంగీతం పోస్టు తీసేశారు, కుట్టుపని పోస్టు తీసేశారు, చరిత్రకు ఒక పోస్టుకు రెండొందల మంది. చెవిటి పిల్లల పోస్టు మాత్రం ఏటా పడుతోంది, ఏటా ఖాళీగానే మిగులుతోంది. ఆ వరుస కింద ఆయన రెండు గీతలు గీశాడు.

"చెవిటి పిల్లలు పుట్టడం మానరమ్మా. నీ ఉద్యోగానికి ఢోకా లేదు" అన్నాడు.

ఆ మాట నాతో చెప్పినప్పుడు ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. సిగ్గుపడాల్సిన నవ్వే, కానీ నవ్వాం. చాలా ఏళ్లు అది మా ఇద్దరి మధ్య హాస్యంగా చెల్లిపోయింది.

ఇష్టం లేకుండా పట్టుకున్న పని ఆమెకు ఎలా పట్టుబడిందో దేవుడికే తెలియాలి. బడిలో ఆమెకిచ్చిన గదిలో పెద్ద అద్దం ఒకటి, చిన్న కుర్చీలు, సన్నగా కత్తిరించిన కాగితం ముక్కలు ఉండేవి. కాగితం ముక్క పిల్ల పెదాల ముందు పట్టుకుని 'ప' అనిపించేది. కాగితం కదిలితే 'ప', కదలకుండా గొంతు మాత్రం అదిరితే 'బ'. పిల్ల చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకునేది, తన చెయ్యి పిల్ల గొంతు మీద పెట్టేది. రోజుకు నూటయాభైసార్లు అదే పని, విసుగన్నది లేదు. పిల్లలు ఆమెను పేరుతో పిలవలేరు కదా, రెండు వేళ్లు గొంతుకు ఆనించి చూపించేవాళ్లు. అదే ఆమె పేరు.

అంత బాగా చెప్పడమే ఆమె కొంప ముంచింది. మాట వచ్చిన పిల్లను మామూలు తరగతికి పంపెయ్యాలి. పంపినకొద్దీ గది ఖాళీ అవుతుంది. ఏటా లెక్క రోజున ఆఫీసు మనిషి వచ్చి తలలు లెక్కపెట్టుకుంటాడు, ఆరుగురుంటే పోస్టు ఉంటుంది, ఐదుగురైతే పోతుంది. పోస్టు పోయిన టీచరు మిగులు జాబితాలోకి వెళ్తుంది. ఆ జాబితాలోంచి తిరిగొచ్చిన వాళ్లను మేం చూళ్లేదు. మొదట్లో పద్నాలుగు మంది ఉండేవాళ్లు. తర్వాత ఆసుపత్రుల్లో ఏడాది పిల్లలకే చెవిలో మిషను అమర్చడం మొదలైంది. చెవిటి పిల్లలు పుట్టడం మానలేదు, చెవిటి పిల్లలుగా పెరగడం మానేశారు. అచ్చాఫీసు పెద్దాయన ఆ లెక్క వెయ్యలేదు.

పెద్దాయన అప్పటికి మంచం దిగలేని స్థితిలో కూతురి దగ్గరే ఉండేవాడు. ఆమె పెళ్లి చేసుకోలేదు. పోస్టు పర్మనెంటు కానివ్వు అనేది మొదట్లో, అయ్యాక వయసైపోయింది అనేది. లెక్క రోజు సాయంత్రం ఆమె గుమ్మంలో చెప్పులు విడవకముందే లోపల్నుంచి "ఎంతమంది?" అని కేక వినిపించేది. ఎనిమిది, ఏడు, ఏడు. ఆ అంకె విన్నాకే ఆయనకు ముద్ద దిగేది.

ఆమెకు నలభై ఐదో ఏట ఆ అంకె ఆరు అయింది. ఆ ఆరో పిల్ల పేరు మేమందరం పెట్టిందే, పిట్ట.

పిట్టకు తొమ్మిదేళ్లు. తల్లి మా బడి సందు చివర ఇస్త్రీ బండి నడిపేది. పిట్ట మూడేళ్లప్పుడు ఒక్క మాట లేకుండా వచ్చింది, తొమ్మిదేళ్లకు నోరు మూయించడం మా వల్ల అయ్యేది కాదు. చెవి మిషను పెట్టుకుంటే దానికి చప్పుడు అందేది, ఎదుటివాళ్ల పెదాలు చూస్తే మాట అందేది. రెండూ కలిపి అది లాగేసేది. వారానికి రెండు గంటలు నా తరగతిలో కూర్చునేది. భిన్నాలు చెబుతుంటే మిగతా పిల్లలు గుడ్లప్పగించి చూసేవాళ్లు, పిట్ట మాత్రం నేను సుద్దముక్క కింద పెట్టేలోపే జవాబు చెప్పి, పక్కవాడి పలకలో తప్పు కూడా దిద్దేది. దాన్ని మామూలు తరగతికి పంపాలన్నది చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

పంపాలంటే పరీక్ష ఒకటుంది. బీరువా తలుపుకు అంటించిన ఇరవై మాటల జాబితా ఆమె చదవాలి, పిల్ల తిరిగి చెప్పాలి. పదిహేను వస్తే సిద్ధం, లేకపోతే సిద్ధం కాదు. ఫారం మీద ప్రత్యేక టీచరు సంతకం ఒకటి, సాక్షిగా మామూలు టీచరు సంతకం ఒకటి. ఆ ఏడాది సాక్షిని నేను.

పిట్ట కాళ్లూపుకుంటూ కూర్చుంది. అక్క ఎదురుగా కూర్చుని హాజరు పట్టీ చేతిలోకి తీసుకుంది. దాన్ని నోటికి అడ్డంగా ఎత్తి పట్టుకుని మొదటి మాట చదివింది.

పిట్ట నవ్వింది. కొత్త ఆట అనుకున్నట్టుంది. తల పక్కకు వంచి పట్టీ అంచు చుట్టూ చూడబోయింది. అక్క పట్టీని కూడా పక్కకు జరిపింది. రెండో మాట, మూడో మాట. పిట్ట నవ్వు పోయింది. పెదాలు ఉండాల్సిన చోట ఆ నీలం అట్టనే చూస్తూ, అందిన చప్పుడును పట్టుకుని ఏదో ఒకటి అనేది. చాప అంటే పాప అంది, గంప అంటే ఏమీ అనలేదు. మధ్యలో ఒకసారి నా వంక చూసింది. నేను గోడ మీది గడియారం చూశాను. ఇరవైలో నాలుగు వచ్చాయి.

అక్క ఫారం నా ముందుకు జరిపింది. "ఒక్క ఏడాది, లెక్కలూ. వచ్చే ఏడు ఇద్దరు చేరతారట. అప్పుడు పంపేద్దాం" అంది. నేను అనాల్సింది చాలా ఉంది. నా పోస్టుకు ఏ ఢోకా లేదు, లెక్కలు రాని పిల్లలకు కరువు ఎప్పుడూ రాదు. అయినా సంతకం పెట్టాను. స్నేహం కోసం అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ గదిలో గొడవ పెట్టుకోవడానికి నాకు ఒళ్లు బరువైంది, అంతే.

పిట్ట తల్లి వచ్చి అడిగితే అక్క పునాది ఇంకా గట్టిపడాలమ్మా అని చెప్పింది. ఆవిడ చేతులు జోడించింది. మాట రాని పిల్లకు మాట తెప్పించిన మనిషి చెబుతోంది, నమ్మక చస్తుందా. ఆ ఏడాదంతా ఆవిడే అక్క బట్టలు ఉచితంగా ఇస్త్రీ చేసి పంపింది. అవి కట్టుకుని అక్క బడికి వచ్చేది.

రెండో ఏడు ఒకరు చేరారు, ఒకరు ఊరు మారారు. మళ్లీ ఆరుగురే, మళ్లీ పట్టీ అడ్డం. మూడో ఏడు సంగతి చెప్పడానికే నాకు నోరు రావడం లేదు. పక్క ఊళ్లో ఇలాంటి గది మూసేసి అక్కడి పిల్లల్ని మా దగ్గరికి పంపడంతో ఆ ఏడు గదిలో ఎనిమిది మంది ఉన్నారు. పిట్టను పంపేసినా పోస్టుకు వచ్చిన నష్టం ఏమీ లేదు. అయినా ఎందుకైనా మంచిదని పట్టీ ఎత్తింది. ఈసారి పిట్ట తల వంచి చూడాలని కూడా ప్రయత్నించలేదు. తెలిసిన మాటలు కూడా చెప్పలేదు. సున్నా వచ్చింది. సంతకం పెట్టాను. పన్నెండేళ్లు దాటిన పిల్లల్ని మామూలు తరగతిలో చేర్చుకోకూడదని రూలు. మరుసటి ఏడాదికి పిట్టకు పన్నెండు దాటాయి.

ఆ తర్వాత అది నాలుగేళ్ల పిల్లల మధ్య పొడుగ్గా కూర్చునేది. వాళ్ల పెదాల ముందు కాగితం ముక్కలు పట్టుకునేది, ముక్కులు తుడిచేది. నా తరగతికి రావడం మానేసింది. మాట కూడా బాగా తగ్గింది. ఒకరోజు పరీక్షకు కూర్చున్న చిన్నవాడి పక్కన దీన్ని సాయంగా ఉండమన్నారు. అక్క పెదాలు బాగా కదిలిస్తూ, వాడికి కనపడేలా ముందుకు వంగి ఇరవై మాటలూ చదివింది. ఏ అట్టా అడ్డం లేదు. గదిలో అప్పుడు పదకొండు మంది, ఒకణ్ణి పంపినా పోయేదేం లేదు. వాడు పదహారు చెప్పాడు, పంపేశారు.

ఆ మధ్యాహ్నం పిట్ట వరండాలో నా దారికి అడ్డంగా నిలబడింది. "టీచర్, నాకెందుకు పుస్తకం అడ్డం పెట్టారు?" అంది. స్పష్టంగా, ఒక్క అక్షరం పోకుండా. అది పాత పద్ధతిలే అన్నాను. నా పెదాలనే చూస్తూ నిలబడింది. నేను అబద్ధం చెబుతున్నానని దానికి వినిపించనక్కర్లేదు, కనిపించింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

అక్కకు యాభై దాటాక ఇంకో సంగతి మొదలైంది. వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు. స్టాఫ్ రూంలో అందరికీ ఎదురుగా ఉండే కుర్చీయే కావాలనేది. ఆమెకు చెవులు పోతున్నాయి. చెవి మిషను పెట్టుకో అక్కా అంటే ఒంటికాలి మీద లేచింది. చెవిటి పిల్లల టీచరుకే చెవుడని తెలిస్తే ఉంచుతారా అంది. పెదాలు చదవడం ఆమె కన్నా బాగా తెలిసిన వాళ్లు మా ఊళ్లో లేరు. అదే పెట్టుకుని చివరి ఆరేళ్లు నెట్టుకొచ్చింది. వాళ్ల నాన్న పోయే ముందు ఆఖరుసారి "ఎంతమంది?" అని అడిగితే గుమ్మంలో ఉన్న నాకు వినిపించింది కానీ, ఆయన ముఖం గోడ వైపు ఉండడంతో ఆమెకు తెలియలేదు. జవాబు వినకుండానే పోయాడు.

పిట్టకు ఆయా పని ఇప్పించింది కూడా అక్కే. అదే గదిలో, ఏ రోజైనా రావద్దనగలిగే తాత్కాలిక పని. పిల్లను గాలికి వదిలెయ్యలేదు చూశావా అని నాతో గొప్పగా చెప్పుకుంది. నిజంగానే అలా నమ్మిందనుకుంటాను.

ఆమె ఉద్యోగానికి ఢోకా రాలేదు. ఒక్క రోజు కూడా తగ్గకుండా యాభై ఎనిమిదో ఏట రిటైరైంది. వీడ్కోలు సభ అద్దం ఉన్న గదిలోనే పెట్టారు. అందరూ మాట్లాడాక హెడ్మాస్టరు పిట్టను లేపాడు. టీచరమ్మ నేర్పిన మాట టీచరమ్మకే వినిపించాలి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

పిట్ట ఇరవై రెండేళ్లది. నెమ్మదిగా ముందుకు వచ్చింది. బల్ల మీది హాజరు పట్టీ తీసి నోటికి అడ్డంగా పట్టుకుంది. అక్కకు ఎదురుగా నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. మేక. పాము. చాప. బంతి. గంప. ఒక్కో మాటకూ మధ్య కాస్త ఆగి, బీరువా మీది వరుసలోనే, ఇరవై మాటలూ చెప్పింది. ఒక్క అక్షరం తడబడలేదు. గదిలో కొందరు నవ్వారు, ముద్దుగా ఉందనుకున్నారు. అక్క కూడా నవ్వుతూ తల ఊపింది. వినపడని వాళ్లందరూ ఊపినట్టే ఊపింది. ఒకసారి తల పక్కకు వంచి పట్టీ అంచు చుట్టూ చూడబోయింది. పిట్ట పట్టీని జరిపింది.

ఇంటికి వెళ్లేటప్పుడు ఆటోలో అక్క నా మోచెయ్యి పట్టుకుని, "ఏం చెప్పింది లెక్కలూ ఆ పిల్ల? ముఖం కనపడలేదు" అంది. ఏదో ఒకటి చెప్పి సరిపెట్టొచ్చు, సరిపెట్టడం నాకు బాగా అలవాటు. ఆ రోజు మాత్రం సరిపెట్టబుద్ధి కాలేదు. ఆమెకు పోయే ఉద్యోగం లేదు, నాకు పోయే స్నేహం కూడా పెద్దగా లేదు. నా తప్పు నేనొక్కదాన్నే మోసి మోసి విసిగిపోయి ఉన్నాను. నా ముఖం పూర్తిగా ఆమె వైపు తిప్పి, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పాను.

"నువ్వు పరీక్షలో అడిగిన మాటలే చెప్పింది అక్కా."

"ఎన్ని చెప్పింది?"

"ఇరవై."

ఆమె నా పెదాలనే చూస్తూ ఉండిపోయింది, ఇంకో అంకె వస్తుందేమోనని ఎదురు చూస్తున్నట్టు. తర్వాత పెన్షను కాగితాల సంచి ఒళ్లోకి లాక్కుని, వాళ్ల వీధి వచ్చేదాకా కళ్లు మూసుకునే కూర్చుంది. నేను ఇంకేమైనా చెప్పినా ఆమెకు తెలిసేది కాదు.