గిన్నెలో మిగిలిన రసం

పోయిన నెల మా మనుమరాలు తను వెళ్ళే పట్నం చర్చికి నన్ను వెంటబెట్టుకుపోయింది. ప్రభువు బల్ల వేళకు, అంటే ప్రభువు పేర రొట్టె, రసం పంచుకునే వేళకు, ఒక్కొక్కరి చేతిలో బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బా పెట్టారు. పై పొర లాగితే బిళ్ళంత రొట్టె, కింది పొర లాగితే ద్రాక్షరసం. ఆ పొర నా గోటికి చిక్కలేదు. మనుమరాలు తీసిచ్చేసరికి ప్రార్థన అయిపోయింది. ఒకరి పెదవి తగిలింది ఇంకొకరికి తగలదు, ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ చల్లటి హాల్లో కూర్చుని నేను అచ్చంపేట అవతలి మా ఊరి పెంకుల గుడిని తలచుకున్నాను. చర్చిని మేము గుడి అనే అనేవాళ్ళం.

అక్కడ అందరికీ ఒకటే గిన్నె. ఎప్పుడో వెళ్ళిపోయిన మిషను దొరసాని ఇచ్చిన వెండిపూత గిన్నె అది. మా వైపు ద్రాక్షతీగను కళ్ళతో చూసినవాళ్ళు లేరు. ఫలించే కొమ్మ, ఫలించని కొమ్మ అని పాస్టరు అయ్యగారు ప్రసంగం చేసినప్పుడల్లా కిటికీ బయటి సొరపాదునే చూపించేవారు. బల్లకు కావలసిన రసం కోసం ఆయన భార్య, మా అయ్యగారమ్మ, కిస్‌మిస్ పండ్లు రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, పలచటి బట్టలో వడగట్టేది. నెల మొదటి ఆదివారం ఆ గిన్నె మగవాళ్ళ చాప మీద మొదలై, చివరి మగవాడి చేతి నుంచి మొదటి ఆడమనిషి చేతికి దాటి, ఆడవాళ్ళ చాప చివరిదాకా పోయేది. అడుగున మిగిలిన రసాన్ని పారబోయకూడదు, అయ్యగారే తాగాలి. ఆయన మాకు వీపు తిప్పి, గోడవైపు నిలబడి దాన్ని తాగేసేవారు. ఏళ్ళ తరబడి చూసీ చూసీ, ఆ చివరి గుక్క సంగతి మా కంటికి ఆనడం మానేసింది.

మా చిన్నమామ, అంటే అమ్మ తమ్ముడు, నందికొండలో ఆనకట్ట కడుతున్న రోజుల్లో రాళ్ళ పనికి పోయాడు. వీపు మీద స్పర్శ తెలియని తెల్లమచ్చలు అక్కడే బయటపడ్డాయి. ఊళ్ళో దాని పేరు పలకరు, పెద్దరోగం అంటారు. దూరాన ఉన్న మిషను దవాఖానలో కొన్నేళ్ళుండి, మాత్రలు మింగి, డాక్టరు తగ్గిపోయిందన్నాక ఇల్లు చేరాడు. ఎడమ చేతి వేళ్ళు రెండు మాత్రం వంగిపోయాయి. వచ్చినవాడు పెళ్ళి అడగలేదు, పొలంలో వాటా అడగలేదు. మళ్ళీ బల్లలో కూర్చోనిస్తారా అని మాత్రమే అడిగాడు. మా దగ్గర బల్లకు దూరమైనవాడి ఇంటికి పుట్టుకకూ చావుకూ ఎవరూ రారు. అంచేత అది చిన్న ప్రశ్న కాదు.

మా నాన్నకు అన్న, నాకు పెద్దబాపు, గుడికి పెద్ద. ఆయనా మిగతా పెద్దలూ వరసగా కొన్ని సాయంత్రాలు కూర్చుని చివరికి ఒక దారి కనిపెట్టారు. ఆ మాట చెప్పడానికి పెద్దబాపు మా అవ్వ ఇంటికి వచ్చాడు. అవ్వ అంటే మామ తల్లి. కొత్తగా బాప్తిస్మం పొందిన నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను.

"సూడు బామ్మర్దీ, నీకు తగ్గింది, గాదని ఎవలంటలేరు. గని ఆడోళ్ళు జంకుతున్నరు. ఆడోళ్ళందరు తాగినంక, ఆఖర్న దర్వాజ కాడ కూసో. జర అర్థం చేసుకో."

"కూసోనిస్తున్నరు గద బావా, గదే సాలు" అన్నాడు మామ. అవ్వ చేటలో జొన్నలు చెరుగుతూనే ఉంది.

ఆ ఆదివారం మామ తెల్ల అంగీ తొడుక్కుని, గుమ్మం దగ్గర, అందరూ విడిచిన చెప్పుల పక్కన కూర్చున్నాడు. గిన్నె మగవాళ్ళను దాటింది, ఆడవాళ్ళనూ దాటింది. అయ్యగారు దాన్ని తీసుకుని గుమ్మం దాకా నడిచి మామ చేతికిచ్చారు. కళ్ళు మూసుకుని ప్రార్థించవలసిన వేళ మేమంతా కళ్ళు తెరుచుకుని చూస్తున్నాం. మామ గిన్నెను పెదవుల దాకా ఎత్తాడు. ఎత్తినవాడు అలాగే దించి, అయ్యగారి వైపు చాచాడు.

"నేను నోటితో ముట్టలే అయ్యగారూ. మిగిలింది మీరే తాగాలె గద. ఫికర్ జెయ్యకుండ్రి."

అన్ని సాయంత్రాలు తల పట్టుకున్న పెద్దల్లో ఒక్కరికీ తట్టని సంగతి అది. మామను ఆఖరివాణ్ణి చేశామనుకున్నారు గానీ ఆయన తరువాత అయ్యగారు ఉన్నారని మరిచారు. గుడి అంతా కొయ్యబారిపోయింది. పెద్దబాపు నోరు తెరిచి, మూయడం మరిచిపోయాడు. అయ్యగారు గిన్నె అందుకున్నారు. తాగలేకపోయారు, కింద పెట్టలేకపోయారు.

అప్పుడు ఆడవాళ్ళ చాప మీది నుంచి అవ్వ గొంతు వినిపించింది. బల్ల జరిగేటప్పుడు ఆడమనిషి మాట్లాడడం మా గుడిలో అంతకు ముందు లేదు. పెద్దగా కూడా అనలేదు.

"నా కొడుకు ముట్టంది మీ గొంతుల ఎట్ల దిగుతది అయ్యగారూ?"

అయ్యగారు ఆ చెప్పుల మధ్యే, మామకు ఎదురుగా చతికిలబడ్డారు. గిన్నెను మామ చేతుల్లో పెట్టి, "ముందు నువ్వు తాగు బిడ్డా. నువ్వు తాగినంకనే నేను" అన్నారు. మామ తల అడ్డంగా ఊపాడు. అయ్యగారు గిన్నెకు చెయ్యి ఆనించి అలాగే కూర్చున్నారు. చివరికి మామ తాగాడు. మిగిలింది అయ్యగారు తాగారు, ఈసారి గోడవైపు తిరగకుండా, మా అందరి ముఖాలు చూస్తూ.

ముగింపు పాట ఎత్తుకోవాలని ఎవరికీ తోచలేదు. బయట వేపచెట్టు కింద పెద్దబాపు కనబడ్డవాణ్ణల్లా ఆపి, "గీ సంగతి మనకెందుకు యాదికి రాలేదంటవు?" అని అడుగుతున్నాడు. కోపంతో కాదు, నిజంగానే తెలుసుకోవాలని. ఆ వారమంతా ఊరు అదే మాట మాట్లాడుకుంది. కొన్ని ఇళ్ళవాళ్ళు ఇక బల్లకు రామన్నారు.

మరుసటి నెల అయ్యగారు మామను మగవాళ్ళ చాప మీదికి పిలిచారు. మామ వెళ్ళి ఆ వరస చివర కూర్చున్నాడు. అంటే ఆయన చేతి నుంచి గిన్నె అందుకోవలసింది మొదటి ఆడమనిషి. ఆ జాగా ఖాళీగా ఉంది. అందరం దాన్నే చూస్తుండగా మా పెద్దమ్మ, సాక్షాత్తూ పెద్దబాపు భార్య, కొంగు సర్దుకుని లేచి వచ్చి అక్కడ కూర్చుంది. కూర్చుని మొగుడి వైపు తిరిగింది.

"ఆడోళ్ళు జంకుతున్నరని నీకు ఎవలు చెప్పిండ్రు?"

పెద్దబాపు సొరపాదు వైపు చూశాడు. గిన్నె వచ్చింది, పెద్దమ్మ తాగి పక్కకు అందించింది. రామన్నవాళ్ళు ఎప్పుడు తిరిగి వచ్చారో సరిగ్గా చెప్పలేను. ఒక్కొక్కరే వచ్చి, ఎప్పుడూ అక్కడే ఉన్నట్టు కూర్చున్నారు.

వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఇదంతా చెబితే మా మనుమరాలు, "ఇందులో అంత ఆశ్చర్యపోవడానికి ఏముంది తాతా?" అంది. ఒకనాడు ఒక గుడిని నిలువునా కదిలించిన పనిని, ఎవరూ వెనుదిరిగి చూడనంత మామూలు సంగతిగా మార్చడానికి కాలానికి ఒక జీవితమంతా పట్టింది. నాకు మాత్రం ఆ జీవితమంతా చాల్లేదు, ఆ ఆదివారం నుంచి నేనింకా తేరుకోలేదు.