మా పెట్టెకు హాజరు వేసిన మునిస్వామి

మొన్న శుక్రవారం పనపాకంలో పూలగంప లేకుండా రైలెక్కిన రాజమ్మ, చంద్రగిరిలో నా కోసం తలుపు దగ్గరే నిలబడి ఉంది. నన్ను చూడగానే బోరుమంది. "అయివారూ, మన మునిసామి పోయినాడు సామీ! మంగళవారం తెల్లారి గుండెనొప్పి వచ్చిందంట. సాయంత్రానికే అంతా అయిపోయిందంట." నిర్ఘాంతపోయాను. మునిస్వామి గారు దివంగతులై అప్పటికి నాలుగో రోజు. మంగళవారం నుంచి మూడు ఉదయాలు మేమంతా అదే పెట్టెలో, ఏమీ ఎరగకుండా, తిరుపతికి వెళ్లివచ్చాం.

పాకాల నుంచి తిరుపతికి ప్యాసింజరులో సీజన్ పాసు మీద తిరిగేవాళ్లకు ఆయనను పరిచయం చేయనక్కర్లేదు. మిగిలినవారి కోసం చెబుతాను. పాకాల వాస్తవ్యులు, అవివాహితులు, చెల్లెలి ఇంట్లో ఉండేవారు. తిరుపతిలో ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దడం ఆయన జీవిక. మా పెట్టెకు హాజరు వేయడం ఆయన వ్రతం. రైలు చంద్రగిరి దాటగానే లేచి నిలబడి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, కాగితమేదీ లేకుండా ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచేవారు. పలకనివారు ఎందుకు రాలేదో పక్కవాళ్లు చెప్పాలి. "రాలేదంటే సాలదప్పా, యాల రాలేదో సెప్పల" అనేవారు. ఎవరికీ తెలియకపోతే సాయంత్రం ఆ ఊళ్లో దిగి, ఇల్లు వెతుక్కుంటూ తానే వెళ్లేవారు.

కొత్తగా అయివారు ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇదంతా నాకు చాదస్తంగా తోచింది. బళ్లో పిల్లలకు హాజరు వేసేవాణ్ణి, నాకు మరొకరు వేయడమేమిటని బిగుసుకుని, పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఆ నెలలోనే చలిజ్వరం తగిలి చంద్రగిరి అద్దెగదిలో ఒంటరిగా పడిపోయాను. రెండో రోజు సాయంత్రం తలుపు చప్పుడైంది. చూస్తే ఆయన, చేతిలో ఇడ్లీ పొట్లం. "పిలిస్తే పలకవు. పలక్కపోతే నీకేమైందో మాకెట్టా తెలిసేది అయివారూ?" అని కోప్పడుతూనే ఆటోలో ఆస్పత్రికి తీసుకువెళ్లారు. ఇంకో రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరు అన్నాడు. జ్వరం తగ్గి మళ్లీ రైలెక్కిన రోజు నుంచి పేపరు మడిచి పెట్టి పలకడం నేర్చుకున్నాను.

రాజమ్మ చెయ్యి విరిగినప్పుడు ఆయన చేసిన ఘనకార్యం చెప్పుకుని ఇప్పటికీ నవ్వుకుంటాం. ఆమె అప్పటికే కట్టి ఉంచిన కనకాంబరాలు వాడిపోతాయని గంప తానే నెత్తిన పెట్టుకుని తిరుపతికి మోసి, స్టేషను బయట నిలబడి అమ్మారు. మనిషి ఆజానుబాహువు. ఆయన మూర, రాజమ్మ మూరకు ఒకటిన్నర. అందరికీ అందకముందే గంప ఖాళీ. "నీ మూరతో నా కొంప ముంచినావు కదప్పా!" అని రాజమ్మ కట్టు కట్టిన చేత్తోనే ఆయనను కొట్టబోయింది. వారం పాటు ఆమె వాడుక జనం "ఆ పొడుగాయన రాలేదా?" అని అడిగారట.

ఈ హాజరు ఇంత అవసరమా అని ఒకసారి అడిగాను. "తప్పచ్చరం కండ్లకు గుచ్చుకుంటాది అయివారూ. పడిపోయిన అచ్చరం కనపడదు, దాన్ని ఎతకల. మనుసులూ అంతే" అన్నారు. వృత్తి నేర్పిన మాట కదా అనుకున్నాను తప్ప, దాని లోతు నాకప్పుడు తెలియలేదు.

ఇప్పుడు నా తప్పు ఒప్పుకోవాలి. మంగళవారం రైలు చంద్రగిరి దాటింది, ఎవరూ లేవలేదు. పిలిచే మనిషే రాకపోతే, రాలేదని చెప్పేదెవరు? కాట్పాడిలో బంధువుల ఇంటికి వెళ్లి ఉంటారని నేననుకున్నాను. అచ్చాఫీసుకు సెలవేమోనని రాజమ్మ అనుకుంది. మా అందరినీ ఇన్నేళ్లు వెతికిన మనిషి కోసం రెండు రోజుల పాటు ఒక్కరమూ పాకాలలో దిగి అడగలేదు. నేనైతే హాయిగా పేపరు మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నాను. ఆ సిగ్గు నన్ను ఇంకా కాలుస్తూనే ఉంది. గురువారం సాయంత్రం మనసాగక పాకాల దాకా వెళ్లింది రాజమ్మ ఒక్కతే. "రైల్లో వాళ్లకు ఎట్టా సెప్పేదమ్మా? మీరు యాడుంటారో ఆయప్పకే తెలుసు" అని ఆయన చెల్లెలు ఏడ్చిందట.

ఆ మహనీయుడికి శిలావిగ్రహం చెక్కించే స్తోమత మాకు లేదు. ఆయన పేరు తలిచినప్పుడల్లా నాకు ఆ తలుపు చప్పుడే వినబడుతుంది. ఎవరైనా మళ్లీ అలా నా తలుపు తడితే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది.

సోమవారం చంద్రగిరి దాటగానే నేను లేచి నిలబడ్డాను. ముందుగా ఆయన పేరే పిలిచాను. "రాలేదు" అంది రాజమ్మ మెల్లగా.

యాల రాలేదో అడగకుండా, తర్వాతి పేరు పిలిచాను.