తడి గోనె కప్పిన పెట్టె

ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే షెడ్డుకు కంప్యూటర్లు పెట్టివ్వమంటే మొదట వద్దన్నాను. ఆత్మకూరులో నాది రిపేరు షాపు. ఆ షెడ్డు నుంచి అంతకుముందు వచ్చిన కంప్యూటర్‌ను విప్పితే లోపలంతా రంపపు పొట్టే. దాంట్లో కంప్యూటర్ కూడా ఉందని తేల్చుకోవడానికి నాకు ఒక పూట పట్టింది.

చివరికి ఫ్యాను, డిస్కు రెండూ లేని చిన్న పెట్టెలు మూడు బిగించాను. ఒక్కొక్కటి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. వాటిలో ఏమీ నిల్వ ఉండదు. కంప్యూటర్‌ను నడిపే లైనక్సు, గీసిన బొమ్మలు, అన్నీ పొట్టు చేరని లోపలి గదిలో ఒక సర్వర్‌లో ఉండి, తీగ గుండా వస్తాయి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద బల్బుతోపాటు నడుస్తాయి. ఇదంతా షెడ్డు నడిపే ఆవిడకు, అందరూ ఆపా అని, అంటే అక్క అని, పిలిచే ఆమెకు వివరంగా చెప్పాను. ఆమె చెంచా అంచు గీకుతూ తల ఊపింది. అంటే విననట్టేనని తర్వాత తెలిసింది.

ఆ షెడ్డులో కొత్త డిజైను ఏది చెక్కినా మొదటి చెంచాను అమ్మరు. నమూనా అని గోడకు మేకు కొట్టి తగిలిస్తారు. ఎంత పెద్ద గిరాకీ వచ్చి అడిగినా ఇవ్వరు.

చాలా డిజైన్లు ఆపా భర్త గీసినవి. ఆయన పోయాక ఆ కాగితాలకు చెదలు పట్టాయి. ఆపా వాటిని స్కాన్ చేయించి, పురుగు తిన్నచోట గీతలు తానే కలుపుకుంది. మౌసును ఉలి పట్టినట్టు పట్టేది, రెండు విరిగాయి. పని పూర్తయ్యాక, చెదలు చెక్కకు పాకుతాయని కాగితాలను కాల్చేశారు.

మే నెలలో ఫోన్ చేసింది. "నాయనా, నా పెట్టె సచ్చిపోయినాది. ఆయన గీసిందంతా దాంట్లోనే ఉండాది."

వెళ్లి చూస్తే పెట్టె మీద తడి గోనెసంచి.

"ఏంది ఆపా ఇది?"

"కాలిపోతా ఉండాది. పగిలిపోద్దేమోనని కప్పినాను."

పచ్చికర్ర ఎండకు పగలకుండా వాళ్లు దాని మీద తడి గోనె కప్పుతారు. పెట్టెకూ అదే మర్యాద జరిగింది; నీళ్లు లోపలికి దిగి ఆగిపోయింది. ఆమె పొద్దుట్నుంచి అన్నం ముట్టలేదని పక్కనున్నవాళ్లు చెప్పారు.

పక్క పెట్టె ముందు కూర్చోబెట్టి ఆమె ఫైళ్లు తెరిచాను. డిజైన్లన్నీ వచ్చాయి. ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నేను అంతటితో ఊరుకోవాల్సింది. "అప్పుడే చెప్పలా? పెట్టెలో ఏమీ ఉండదని!" అంటూ లోపలి గదికి తీసుకెళ్లి సర్వర్ చూపించాను.

"అంతా దీంట్లోనేనా?"

"అంతా దీంట్లోనే," అన్నాను గొప్పగా.

ఆమె దాని చుట్టూ చూసింది. గోడ వైపు కూడా చూసింది.

"మరి దీని నమూనా ఏదీ?"

కాపీ పెట్టుకోండని ఊరందరికీ చెప్పేవాణ్ణి నేనే. ఆ సర్వర్‌కు మాత్రం పెట్టలేదు. గోనె ఈ గదిలో కప్పి ఉంటే ఆయన గీసిన గీత ఒక్కటి మిగిలేది కాదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆత్మకూరు వెళ్లి హార్డ్‌డిస్కు తెచ్చి, సాయంత్రానికల్లా కాపీ తీసి ఇచ్చాను. ఆపా దానికి గుడ్డసంచి కుట్టి, భర్త చివరగా చెక్కిన చెంచా పక్కన మేకుకు తగిలించింది.

"ఎవురడిగినా ఇయ్యబాకండి," అని షెడ్డులో అందరికీ చెప్పి, నా వైపు తిరిగి, "నీకు గూడా," అంది.