ముత్యాలప్ప దూకిన గోడ

ధర్మవరంలో ముత్యాలప్పలకు కొదవ లేదు. మగ్గాల వీధుల్లోకి వెళ్ళి ఉత్త ముత్యాలప్ప ఎక్కడుంటాడని అడిగితే మనిషికొక దిక్కు చూపిస్తారు. కోట ముత్యాలప్ప అంటే మాత్రం అడిగినవాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆయన మగ్గం గుంట ముందు నిలబెడతారు. ఆ పేరు వాళ్ళ నాయన పెట్టింది కాదు. పెనుకొండ కోటగోడ మీంచి దూకి సంపాదించుకున్నది.

మీసాలు కొత్తగా వస్తున్న వయసులో ముత్యాలప్ప పెనుకొండలో మేనమామ ఇంటికి వెళ్ళాడు. అప్పుడక్కడ కోటలో ఒక జానపద సినిమా తీస్తున్నారు. బాణం తగిలి గోడ మీంచి పడిపోవాల్సిన భటుడికి ఆ పొద్దు కడుపు చెడింది. గుంపులో నిలబడి చూస్తున్న ముత్యాలప్ప ఒడ్డూ పొడుగూ సరిపోయాయని ఎవరో లోపలికి లాగారు. అట్ట టోపీ పెట్టి, అట్ట కత్తి చేతికిచ్చి, దూకమన్నారు. దూకాడు. సినిమా ఆడలేదు. ముత్యాలప్ప కథ మాత్రం ఆ రోజు నుంచీ ఆడుతూనే ఉంది.

ఆ కథలో గోడ పెరుగుతూ వచ్చింది. మొదట మిద్దెంత ఉండేది. పెళ్ళయ్యాక మిద్దె మీద మిద్దె లేచింది. కూతురు హేమావతి బడికి వెళ్ళే నాటికి కొబ్బరిచెట్టంత అయింది. హేమావతి చదువు ముగించి పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి చేరే నాటికి, పైనుంచి చూస్తే కింద నిలబడ్డ గుర్రం మేకపిల్ల మాదిరి కనిపించేది. ఎన్ని మారినా ఒక్క మాట మాత్రం మారలేదు. ఒకే దూకు, ఒకే టేకు. రెండోసారి దూకమని అడగాల్సిన అవసరమే రాలేదని చెప్పేటప్పుడు ముత్యాలప్ప మెడ కొంచెం పైకి లేచేది.

ఏదో ఒక చానల్లో అప్పుడప్పుడూ ఆదివారం మధ్యాహ్నం ఆ సినిమా వేసేవాళ్ళు. ఆ పూట వీధిలో మగ్గాలు ఆగిపోయేవి. అందరూ ముత్యాలప్ప ఇంట్లో పాత డబ్బా టీవీ ముందు చేరేవాళ్ళు. వచ్చినవాళ్ళందరికీ ఉగ్గాని, బజ్జీలు ముత్యాలప్పే పెట్టాలి. అది వీధి పెట్టిన కట్టుబాటు. ఆ టీవీలో కనబడేది పెద్దగా ఏమీ లేదు. చీకటిగా ఉన్న గోడ మీద ఒక టోపీవాడు కేక పెడతాడు, బొమ్మ ఒకసారి అదురుతుంది, కింద దుమ్ము లేస్తుంది. కేకకూ దుమ్ముకూ మధ్య జరిగింది ఎవరికి వాళ్ళే మనసులో నింపుకునేవాళ్ళు. అందరూ ధారాళంగా నింపేవాళ్ళు. ఎదురింటి నాగన్న ఒక్కడే పిసినారి. వాడూ చీరలు నేసేవాడే, ముత్యాలప్ప కంటే రెండు మూడేళ్ళు చిన్న. మనసులో అనుమానం పెట్టుకుని బజ్జీలు తినేవాడు.

ఈ ఏడు హేమావతి హిందూపురం నుంచి గోడంత టీవీ తెప్పించింది. బిగించడానికి వచ్చినవాడు బిగించి ఇవతలికి వచ్చేలోపే, ఆమె తల్లి పుట్టమ్మ పసుపూ కుంకుమా తెచ్చి తెర నడిమధ్యన బొట్టు పెట్టబోయింది. తెర మీద చెయ్యి వేస్తే గ్యారంటీ పోతుందని వాడు బతిమాలాడు. చివరికి అంచు మీద నాలుగు మూలలా పెట్టడానికి రాజీ కుదిరింది. పుట్టమ్మకు క్రికెట్ పిచ్చి. మూల కూర్చుని రాట్నం మీద దారం కండెలు చుట్టుకుంటూ మ్యాచ్ చూస్తుంది. కొత్త టీవీలో బంతి తోక లేకుండా గుండ్రంగా వెళ్ళడం చూసి ఆమె కూతురి వీపు తట్టింది.

తర్వాతి ఆదివారమే సినిమా పడింది. వీధంతా వచ్చి కూర్చుంది. మొదటి నిమిషం నుంచే ఏదో తేడా కొట్టింది. రాజుగారు నడుస్తుంటే రాజుగారు నడుస్తున్నట్టు లేదు, పక్కింటాయన పంచె ఎగ్గట్టి పాలకు పోతున్నట్టు ఉంది. రాణి ఏడుస్తుంటే సాయంత్రం సీరియల్లో అత్తగారు ఏడ్చినట్టుంది. గుర్రం మీద పరుగు మరీ అన్యాయం. గాజు మీద నీటిచుక్క జారినట్టు జారుతోంది. అంతలో గోడ వచ్చింది. ముత్యాలప్ప వచ్చాడు. కేక పెట్టాడు. తెర అదరలేదు. గోడ మీంచి నేల దాకా ముత్యాలప్ప ఏ తొందరా లేకుండా, నున్నగా, మొత్తం కనబడుతూ దిగాడు.

నాగన్న బజ్జీ నమలడం ఆపాడు.

"అన్నా, ఇంతేనా? మా ఇంటి అరుగు మీంచి మా కోడిపుంజు దినామూ దూకుతాది."

వీధంతా పగలబడి నవ్వింది, ఆ నవ్వుతో ముత్యాలప్ప పేరు కూలింది. మర్నాడు పొద్దున టీ అంగడిలో అరుగు ముత్యాలప్ప అయ్యాడు. మధ్యాహ్నానికి పట్టు తూకం వేసేవాడూ అదే పేరుతో పిలిచాడు. ఆ పేరు పెట్టింది నాగన్నే అని వేరే చెప్పక్కర్లేదు. ముత్యాలప్పకు తిండి పోలేదు కానీ, మగ్గం మీద చెయ్యి మాత్రం పోయింది. బుటా ఉండాల్సిన చోట బుటా లేదు, లేనిచోట రెండున్నాయి. ఇన్నేళ్ళు మోసిన పేరు. ఊళ్ళో అంతకు మించి ఆయనకు ఇంకేం ఉంది? చీరలు అందరూ నేస్తారు. కోట మీంచి దూకింది ఆయనొక్కడే.

బాగా ఆలోచించి, తప్పంతా రిమోటుదని తేల్చుకున్నాడు. బొమ్మ పెరగాలన్నా తగ్గాలన్నా అన్నీ దాంతోనే చేస్తారు కాబట్టి జబ్బు దాంట్లోనే ఉండాలి. ఎవరికీ చెప్పకుండా దాన్ని టవల్లో చుట్టుకుని హిందూపురం ప్యాసింజర్ ఎక్కాడు. దారిలో పెనుకొండ వచ్చింది. కొండా కోటా కిటికీలో కనబడగానే ముత్యాలప్ప ముఖం అటు తిప్పుకున్నాడు. ఇంట్లో పుట్టమ్మకు ఆ రోజు మ్యాచ్ ఉంది. చానల్ మార్చే దారి లేక, నాన్‌స్టిక్ గిన్నెలు అమ్మే చానల్ చూస్తూ సాయంత్రం దాకా భర్తను తిట్టుకుంటూ కండెలు చుట్టింది.

హిందూపురం అంగడిలో వేణుగోపాల్ అని ఒక కుర్రాడు. టై కట్టుకున్నాడు. ముత్యాలప్ప టవలు విప్పి రిమోటు బల్ల మీద పెట్టి, వైద్యుడికి చంటిబిడ్డను చూపించినట్టు చూపించాడు.

"టీవీ యాడ సార్?" అన్నాడు వేణుగోపాల్.

"గోడకుండాది. జబ్బు దీంట్లో ఉంటాది గదా."

జబ్బేమిటో చెప్పమంటే, మీ టీవీ సినిమానూ అందులో కోటగోడ మీంచి తన దూకునూ వీధి నాటకం చేస్తోందన్నాడు ముత్యాలప్ప. వేణుగోపాల్ ముఖం వెలిగిపోయింది. అది జబ్బు కాదట, దానికోసమే జనం ఈ టీవీ కొంటారట. పక్కపక్కనే ఉన్న రెండు టీవీల్లో ఒకే కారు పందెం పెట్టి చూపించాడు. సినిమాను సెకనుకు ఇరవై నాలుగు బొమ్మల లెక్కన తీస్తారు. ఈ టీవీ తెర సెకనుకు నూట ఇరవై సార్లు కొత్త బొమ్మ చూపించగలదు. దాన్నే రిఫ్రెష్ రేటు అంటారు. మామూలుగా అయితే ఉన్న బొమ్మనే మళ్ళీ మళ్ళీ చూపిస్తుంది. మోషన్ స్మూతింగ్ అనే మీట వేసి ఉంటే మాత్రం, ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య ఏముండొచ్చో టీవీయే ఊహించి, సొంతంగా బొమ్మలు తయారుచేసి ఇరికిస్తుంది. అందుకే అంత నునుపు. క్రికెట్‌కు అది బాగుంటుంది. పాత సినిమాకు పెడితే నిన్న సెల్‌ఫోన్లో తీసినట్టు కనబడుతుంది.

ముత్యాలప్ప తల్లో మగ్గం ఆడింది. ఎవడో ఒకడు తన చీరలోకి దూరి, తను అడ్డంగా వేసిన పేక పోగుకూ పోగుకూ మధ్య వాడి సొంత పోగులు వేసి పోయినట్టయింది.

"అంటే, నేను దూకని దూకు గూడా నేనే దూకినట్టు చూపిస్తాండాదా?"

"అంతే సార్. మధ్యలోవి మీరు కాదు, టీవీ."

"మరి అట్ల కల్పించేది ఎత్తు తగ్గించి కల్పిస్తాదా? ఎంత అన్యాయం."

"ఎత్తు తగ్గించదు సార్. ఉన్నదే తేటగా కనిపిస్తాది." వేణుగోపాల్ మర్యాదగానే అడిగాడు. "గోడ ఎంతెత్తు సార్?"

ముత్యాలప్ప రిమోటును మళ్ళీ టవల్లో చుట్టుకోవడంలో మునిగిపోయాడు. ఆ మీట తీసేసే వరస మాత్రం అంగడి టీవీ మీద వేణుగోపాల్ చేత పదే పదే చేయించుకుని, వేళ్ళకు వంటబట్టాక గానీ కదల్లేదు.

చానల్ వాళ్ళు మళ్ళీ ఎప్పుడు వేస్తారోనని ఆగే ఓపిక ఆయనకు లేదు. సినిమా నెట్టులో ఉందని హేమావతి చెప్పింది. ఆదివారానికి ముత్యాలప్పే ఆట ప్రకటించాడు. పోయిన వారం టీవీ తప్పు చేసిందని, అసలు సంగతి ఇప్పుడు చూడమని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. బజ్జీల పిండి రెండింతలు కలపమన్నాడు. అరుగు ముత్యాలప్ప ఆట పెట్టాడంటే రానివాడెవడు?

హేమావతి ఫోన్లోంచి సినిమాను టీవీకి ఎక్కించింది. ముత్యాలప్ప అందరి ముందూ రిమోటు పట్టుకుని, హిందూపురంలో నేర్చుకున్న వరసలో నొక్కి, నునుపు తీసేశాడు. రాజుగారు మళ్ళీ రాజుగారయ్యారు. గుర్రాలు మళ్ళీ గుర్రాల్లాగా పరిగెత్తాయి. గోడ చీకటిగా, గంభీరంగా లేచింది. కేక, అదురు, దుమ్ము. జనం అబ్బా అని ఊపిరి వదిలారు. ముత్యాలప్ప మెడ మెల్లగా పైకి లేచింది.

నాగన్న లేచి వచ్చి, ఏదీ అన్నా ఒకసారి అని రిమోటు అందుకున్నాడు. ముత్యాలప్ప ఎక్కడ నొక్కాడో కన్నార్పకుండా చూసినవాడు. నునుపు వేశాడు. హేమావతిని బొమ్మ వెనక్కి తిప్పమన్నాడు. అరుగు. నునుపు తీశాడు. కోట. వేశాడు. అరుగు. తీశాడు. కోట. ముత్యాలప్ప గోడెక్కుతూ దిగుతూ ఉన్నాడు. జనానికి సినిమా కంటే ఇదే బాగుంది. కడుపులు పట్టుకుని నవ్వుతున్నారు.

"రెండిట్లో యాదన్నా నిజం?" అన్నాడు నాగన్న.

తలలన్నీ ముత్యాలప్ప వైపు తిరిగాయి. ఆయన నోరు తెరిచాడు. కొబ్బరిచెట్టు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది.

రాట్నం చప్పుడు ఆగింది. మూల కూర్చున్న పుట్టమ్మ దారం తెంపి, తల ఎత్తకుండానే మాట్లాడింది.

"గోడ అంత లేదు నాగన్నా. నా నెత్తి మింద ఇంగో మూర ఉంటాది."

ముత్యాలప్ప కళ్ళు మూసుకున్నాడు. బయట ఎవడు కొట్టినా తట్టుకోవచ్చు, ఇది ఇంట్లోంచి వచ్చిన దెబ్బ.

"ఒగ టేకు గూడా కాదు," అంది పుట్టమ్మ. "మాది పెనుకొండే గదా. మా యమ్మా నేనూ ఆడ మజ్జిగ అమ్మేకి పోయింటిమి. పొద్దున మొదలుపెడితే పొద్దు గూకేదాంకా దూకతానే ఉన్న్యాడు ఈయప్ప. ఈయప్ప బాగనే దూకతాడు. కింద ఆ గుర్రం ప్రతిసారీ కెమెరాకు ముడ్డి తిప్పుతాది. మళ్ళా ఎక్కు అంటారు, ఎక్కుతాడు. మడిమ వాసి కుండ మాదిరి అయింది. మజ్జిగ అయిపోయినా నేను ఇంటికి పోలే. ఇంత మొండోడు మగ్గం గుంటలో కూసుంటే చీర నడుమ వదిలేసి లేయడులే అనుకున్న్యా. మా నాయనకు చెప్పి చేసుకున్న్యా."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని ఎవరో అడిగారు. ఆయప్ప అంత బాగా చెప్పుకుంటుంటే మధ్యలో నేనెందుకు అంది. రాట్నం మళ్ళీ తిరిగింది.

నవ్వు ఆగిపోయింది. పైకెక్కి పొద్దంతా దూకడమంటే ఏమిటో, పొద్దంతా గుంటలో కాళ్ళాడించేవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. గాలి తిరిగిందని నాగన్నకు అర్థమయింది. వాడు వెనక్కి తగ్గే రకం కాదు.

"అదేం పెద్ద పని వదినా? నేనూ దూకతా పొద్దు గూకేదాంకా."

"దూకు మరి," అంది పుట్టమ్మ. "మీ అరుగు ఆడనే ఉండాది."

వీధంతా బయటకొచ్చింది. నాగన్న ఇంటి అరుగు మోకాలెత్తు. పంచె ఎగ్గట్టి, బాణం తగిలినవాడిలా కేక పెట్టి దూకాడు. చప్పట్లు కొట్టారు. మళ్ళీ ఎక్కి దూకాడు. కేక కొంచెం చిన్నదయింది. ఇంకొన్ని దూకులకు కేక పోయి మూలుగు మిగిలింది. స్తంభం పట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. తర్వాత ఒక కాలు ముందు, ఒక కాలు వెనక వచ్చింది. అది దిగడం నాగన్నా, దూకడం కాదు అని జనం ఒప్పుకోలేదు. పౌరుషానికి పోయి మరొక్కటి గట్టిగా దూకాడు. మోకాలు పట్టుకుని అక్కడే కూర్చున్నాడు. ఎండ ఇంకా మిద్దెల మీదే ఉంది. బజ్జీలు కూడా చల్లారలేదు.

పుట్టమ్మ నువ్వులనూనె వేడిచేసి తెచ్చింది. వాణ్ణి ఇద్దరు పట్టుకుని ముత్యాలప్ప ఇంట్లోకే తెచ్చి కూర్చోబెట్టారు. ఈలోగా హేమావతి, నాగన్న దూకుతుంటే ఫోన్లో తీసిందంతా టీవీకి ఎక్కించింది. నాగన్న చివరికి వేసి వదిలిన నునుపు అలాగే ఉంది. గోడంత తెర మీద నాగన్న నాగన్నలాగే, బొజ్జ ఒకవైపు పంచె ఒకవైపు ఊగుతుండగా, ఏ ఒక్క కదలికా పోకుండా మోకాలెత్తు అరుగు మీంచి జారుతున్నాడు. చూస్తున్నవాళ్ళు గోడలకు జారగిలబడి నవ్వుతున్నారు.

నాగన్న కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత, తిరిగి ముత్యాలప్ప చేతికి చేరిన రిమోటు వైపు చూశాడు.

"అన్నా, ఆ నునుపు తీసెయ్యన్నా."

ముత్యాలప్పకు చెవుడు వచ్చినట్టుంది. "ఎవరినప్పా పిలుస్తాండావు?"

"నిన్నే. ముత్యాలప్పన్నా."

"ఈ వీధిలో ముత్యాలప్పలు శానామంది ఉండారు."

తెర మీద నాగన్న మళ్ళీ అరుగు ఎక్కుతున్నాడు. కింద కూర్చున్న నాగన్న నూనె మోకాలు పట్టుకుని, తల దించుకుని చెప్పాడు.

"కోట ముత్యాలప్పన్నా, ఆ మీట ఒత్తన్నా."

ముత్యాలప్ప మీట ఒత్తాడు. తెర మీద నాగన్న కేక పెట్టి, ఒకసారి అదిరి, కింద పడ్డాడు. ముత్యాలప్ప తల పక్కకు వాల్చి ఆ అరుగును పరీక్షగా చూశాడు.

"నడుమెత్తు ఉంటాదిలే నాగన్నా," అన్నాడు.