పాట ఆపే ఆర్థర్

ఆర్థర్ ఒక పాట మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడా ఆపకుండా, చివరిదాకా పాడాడు. ఈ ఘనకార్యం 2009 డిసెంబరు 20, ఆదివారం నాడు, బళ్లారి కౌల్ బజారులోని ఒక చిన్న హాల్లో జరిగింది. బ్యాండు పుట్టిన రెండేళ్లకు దక్కిన మొదటి విజయం అది. దాన్ని చూసే భాగ్యం బ్యాండు డ్రమ్మరు నెట్టికంటప్పకు మాత్రం లేకపోయింది. ఆ రోజు ఆయన గాంధీనగర్‌లో తన ఇంట్లో జ్వరంతో దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. తాను కూడా ఉండి ఉంటే ఆ పాట ఇంకెంత బ్రహ్మాండంగా ఉండేదోనని ఆయన నెలరోజులు బాధపడ్డాడు.

ఆర్థర్‌కు తాగుడు లేదు, పొగ లేదు. పాట ఆపడం ఒక్కటే ఉంది. ఖనిజం కంపెనీ ల్యాబులో ఆయన కెమిస్టు. టిప్పర్లు మోసుకొచ్చే ఎర్రమట్టిలో ఇనుము ఎంతుందో తేల్చడం పని. అరవై రెండు పాయింట్ తొమ్మిదిని అరవై మూడు అని రాయమంటే పెన్ను మూసి జేబులో పెట్టుకునే మనిషి. పాట పాడేటప్పుడూ అదే వరస. ఊపు మీదున్న పాటను చటుక్కున ఆపి, కళ్లద్దాలు సర్దుకుని, "అప్పా, ఆగండి. తప్పు పాడితిని" అంటాడు. ఇనుము కరిగేది 1535 డిగ్రీల దగ్గర అని పాడాననీ, అది పాత పుస్తకంలోని మాటనీ, ఇప్పుడు 1538 అంటున్నారనీ మైకులో వివరిస్తాడు. ఆ మూడు డిగ్రీల తేడాలో జనం లేచిపోతారు.

ఆయన పాటలన్నీ అలాంటివే. ప్రేమ లేదు, వెన్నెల లేదు. "రెండు ఇనుములు, మూడు ఆక్సిజన్లు, చెయ్యీ చెయ్యీ పట్టుకుంటే మన ఊరి మట్టి రంగు" అని గిటారు వాయిస్తూ పాడతాడు. బ్యాండు పేరు 'ఇరవయ్యారు'. ఇనుము పరమాణు సంఖ్య అది. ఆర్థర్ భార్య కృపమణి కీబోర్డు వాయిస్తుంది. చర్చిలో పాతికేళ్లుగా వాయించిన చెయ్యి ఆమెది.

ఇక డ్రమ్ములు నెట్టికంటప్పవి. ఆయన గురించి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే ఆయనే చెప్తాడు. సిరుగుప్ప తాలూకా కెంచనగుడ్డ బడిలో ఏడో తరగతి మొదటి మార్కుతో పాసయ్యాడు. ఆ సంవత్సరం పరీక్ష రాసింది నలుగురు అన్న సంగతి ఆయన అడిగితేనే చెప్తాడు. సొసైటీకి రెండుసార్లు డైరెక్టరు. తాలూకా తాడు లాగుడు పోటీలో కప్పు. తుంగభద్ర ఒడ్డున వరి పండించి, గనుల గిరాకీ వచ్చాక మూడు టిప్పర్లు కొని, గాంధీనగర్‌లో ఇల్లు కట్టాడు. వీటన్నిటికంటే పెద్ద ఘనత, ఊళ్లో పీర్ల పండక్కి పద్దెనిమిదేళ్లు అలాయి గుండం దగ్గర, ఆ నిప్పుల గుంట చుట్టూ తిరుగుతూ ఆడేవాళ్లకు తప్పెట కొట్టడం. ఆ తప్పెటకు మనుషులే కాదు, కట్టేసిన ఎద్దులు కూడా కదిలేవని ఆయన చెప్తాడు. ఎద్దులు తాడు తెంపుకుని పారిపోయేవని ఆయన భార్య తిమ్మమ్మ చెప్తుంది.

ఊరు వదిలి టౌనుకొచ్చాక ఆయనకు పని లేకుండా పోయింది. టిప్పర్లను డ్రైవర్లు తోలుతారు, పొలం కౌలుదారు చూస్తాడు. ఒకనాడు ల్యాబు ముందు లోడు క్యూలో నిలబడి, ఊరికే టిప్పరు తలుపు మీద వేళ్లతో తాళం వేస్తుంటే ఆర్థర్ బయటికొచ్చి చూశాడు.

"అన్నా, మాకు డ్రమ్మరు లేడు. వస్తావా?"

"నేనా? ఇంగ్లీషు పాటలు నాకేం తెలుసునప్పా?"

"పాటలు తెలుగే. గీక్ రాక్ అంటారు దీన్ని. బాగా సదువుకున్నోళ్లు, కళ్లద్దాలోళ్లు పాడతారు."

ఏడో తరగతి మొదటి మార్కు గుర్తొచ్చి నెట్టికంటప్ప ఒప్పుకున్నాడు. మరుసటి వారమే బెంగళూరు పోయి డ్రమ్ముల సెట్టు కొనుక్కొచ్చాడు. ఇంటి వెనక టిప్పర్లు కడిగే షెడ్డులో, ప్రతి ఆదివారం చర్చి ముగిశాక, మధ్యాహ్నం ప్రాక్టీసు.

అక్కడే ఆర్థర్ ఆయనకు చరిత్ర బోధించాడు. కౌల్ బజారులో అమ్ముడుపోక దుమ్ము పట్టిన విదేశీ క్యాసెట్లు ఆయన దగ్గర పెట్టెనిండా ఉన్నాయి. డెబ్బైల్లో కొందరు బోర్లించిన పూలకుండీలాంటి టోపీలు పెట్టుకుని యంత్రాల్లాగా కదులుతూ పాడారట. ఎనభైల్లో ఇద్దరు స్నేహితులు అకార్డియన్ పట్టుకుని వచ్చారట. వాళ్లకు డ్రమ్మరు లేకపోతే టేపు రికార్డరులో తాళం రికార్డు చేసి పెట్టుకున్నారట. తొంభైల్లో లావు కళ్లద్దాలాయన, గదిలో ఒంటరిగా కూర్చునే పిల్లల కష్టాలన్నీ గిటారు మీద పాడాడట.

"డ్రమ్మరు బదులు టేపు రికార్డరా?" అని నెట్టికంటప్ప ఆ పరాయి దేశపు ఇద్దరి మీద నిజంగా జాలిపడ్డాడు. "పాపం, వాళ్లకు మనిషి దొరకలేదు."

ఆర్థర్ గిటారు తీగలు బిగించుకుంటూ ఉండిపోయాడు.

టిప్పర్ల సంఘం పెద్ద ఇంట్లో పెళ్లి రిసెప్షనుకు పిలిస్తే, కాంతి వేగం మీద పాట ఎత్తుకుని ఆర్థర్ నాలుగుసార్లు ఆపాడు. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు అన్నది తప్పనీ, రెండు లక్షల తొంభై తొమ్మిది వేల ఏడు వందల తొంభై రెండు అనీ సవరించేసరికి పెళ్లికూతురు భోజనానికి లేచింది. అయినా అవమానమంటే సిరుగుప్పలో జరిగిందే. అది 2009 నవంబరు ఒకటి, కర్ణాటక రాజ్యోత్సవం. కెంచనగుడ్డ నుంచి రెండు ట్రాక్టర్ల జనం నెట్టికంటప్పను చూడటానికే వచ్చారు. తుంగభద్ర డ్యాము మీద పాట. "గేట్లు ముప్పై మూడు" అని పాడిన ఆర్థర్ చెయ్యెత్తి ఆపాడు. ఒకసారి సరిచూసుకోవాలన్నాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకుని, ముప్పై మూడు సరిగ్గానే ఉందని ప్రకటించాడు.

ముందు వరసలో కూర్చున్న రైతు ఉచ్చెంగెప్ప లేచి నిలబడ్డాడు. "గేట్లు ఎన్నయితే మాకేంది సామీ? నీళ్లు ఇడుస్తావా లేదా?"

జనం విరగబడి నవ్వారు. ఆ పూట మొత్తం ఆరుసార్లు ఆపాడు. దిగిపోతుంటే ఊరివాళ్లు నెట్టికంటప్ప భుజం తట్టారు. "నువ్వు బలే కొడ్తాంటివి పెద్దప్పా. ఆ కళ్లద్దాలాయప్పే చెడగొట్టె" అన్నారు. నెట్టికంటప్ప పెద్దమనిషి తరహాలో తలాడించి, పోనీలెమ్మని ఆర్థర్‌ను క్షమించాడు.

అలాంటి ఆర్థర్, ఈయన జ్వరంతో పడుకున్న రోజున ఆపకుండా పాడాడు. డ్రమ్ములు ఎవరు కొట్టారని అడిగితే, "ఎట్లో సర్దుకుంటిమి అన్నా" అని షెడ్డు రేకుల వైపు చూశాడు.

ఆ పాటను కృపమణి చెల్లెలు యూనీస్ విన్నది. ఆమె బెంగళూరులో ఒక కాలేజీలో లెక్చరరు. అక్కడ ఫిబ్రవరి 14న సైన్సు పాటల పోటీ ఉందని వీళ్ల పేరు ఇచ్చేసింది. షరతు ఒక్కటే, పాట మధ్యలో ఆగితే పోటీ నుంచి తీసేస్తారు. ఆర్థర్‌కు నలభై ఏడేళ్లు. తన పాట వినడానికే కూర్చున్న జనం ముందు పాడాలన్నది ఆయన ఒకే ఒక్క కోరిక. మూడు రైలు టిక్కెట్లు కూడా తీశాడు.

నెట్టికంటప్పకు బెంగ పట్టుకుంది. ఆర్థర్ అలవాటు మాన్పించాలి. ఎన్నిసార్లు ఆపుతున్నాడో వినిపిస్తే సిగ్గుపడి మానుకుంటాడని, తన డ్రైవరు పాపన్న చైనా ఫోనులో ఒక ఆదివారం ప్రాక్టీసంతా రికార్డు చేయించాడు. మన మట్టి ఓడలెక్కి చైనాకు పోతుంటే, అక్కడి నుంచి బళ్లారికి ఆ ఫోన్లు వచ్చేవి. గొంతు మాత్రం లౌడ్‌స్పీకరు. మర్నాడు లోడు క్యూలో, టిప్పరు క్యాబినులో కూర్చుని ఇద్దరూ విన్నారు. ఏడుసార్లు ఆపాడు.

"చూస్తివా పాపన్నా? ఏడు."

పాపన్న బుర్ర గోక్కున్నాడు. "ఒక మాట చెప్తా, కోపం చేసుకోవద్దు సావుకారే. ఆయప్ప ఆపేదానికి ముందర మీరు ఎవురినో తరుముకుంటా పోతాండారు."

"ఎవురిని?"

"ఏమో. డ్రమ్ము అట్ల పరుగెత్తుతాండాది. మళ్లా ఇనండి."

మళ్లీ విన్నారు. నెట్టికంటప్పకు తన చెయ్యి తనకే వినిపించింది. మూడో చరణం దగ్గర నిమ్మళంగా ఉన్న తాళం జోరందుకుంటోంది. పీర్లు గుండం దగ్గరికి రాగానే తప్పెట రెట్టింపు వేగంతో కొట్టాలి. పద్దెనిమిదేళ్ల అలవాటు. కాంతి వేగమైనా, డ్యాము గేట్లయినా, మూడో చరణం వచ్చేసరికి ఆయన చేతికి పీర్లు కనిపిస్తున్నాయి. తాళం పాటను దాటి పోయిన మరుక్షణమే "అప్పా, ఆగండి. తప్పు పాడితిని." ఏడుకు ఏడుసార్లూ అంతే.

ఆయన అప్పుడు ఏడో తరగతి మార్కుల సంగతి ఎత్తలేదు. తిన్నగా ఆర్థర్ ఇంటికి పోయాడు. ఆర్థర్ డ్యూటీలో ఉన్నాడు. కృపమణి టీ పెట్టింది.

"కృపమ్మా, డిసెంబరులో డ్రమ్ములు ఎవరు కొట్టిరి?"

ఆమె లేచి, కీబోర్డు మీదున్న ఒక బటన్ చూపించింది. నొక్కితే డ్రమ్ములు వాటంతటవే మోగాయి. నెట్టికంటప్ప తన స్థానంలో పని చేసిన ఆ బటన్‌ను వంగి చూశాడు. కందిగింజంత ఉంది. ఒక్క తరగతి కూడా చదవలేదు.

"ఈయప్ప నాకు చెప్పి ఉండొచ్చు గదమ్మా."

"నేనూ అదే అంటినన్నా. 'ఆయన వారానికి ఒక్క పూట కడుపారా నవ్వుతాడు, ఆ పూట చెడగొట్టే దానికంటే నన్ను నాలుగు మాటలు అననీలే' అనె."

ఆ ఆదివారం ప్రాక్టీసుకు ముందు నెట్టికంటప్ప గొంతు సవరించుకున్నాడు. "ఆర్థరప్పా, బెంగళూరుకు వచ్చేదానికి నాకు కాదప్పా. పద్నాలుగో తేదీ మూడో టిప్పరుకు ఎఫ్.సి. ఉండాది. ఆర్టీవో ఆఫీసుకు నేనే పోవాల."

పద్నాలుగు ఆదివారం. ఆర్టీవో ఆఫీసు తలుపు తీయరు. పైగా ఎఫ్.సి., అంటే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, కొత్త బండికి రెండేళ్లదాకా మళ్లీ అక్కర్లేదు; మూడో టిప్పరు కొని ఏడాది కూడా కాలేదు. కృపమణి ఏదో అనబోతే ఆర్థర్ ఆమె కాలు తొక్కాడు. కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. పాయింట్ ఒకటి తేడాను కూడా వదలని మనిషి, ఇంత పెద్ద తప్పును ముట్టుకోకుండా వదిలేశాడు.

"సరే అన్నా. ఎఫ్.సి. అంటే ముఖ్యం గదా."

పన్నెండో తేదీ వాళ్లను రైలెక్కించి వచ్చాడు నెట్టికంటప్ప. ఆదివారం పొద్దుటినుంచీ ఫోను చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాడు. మూడు దాటాక అది మోగింది.

"అన్నా, ఆర్టీవో ఆఫీసు నుంచి వస్తివా?" ఆర్థర్ గొంతు.

"ఇప్పుడే అప్పా. శానా రష్షు."

"ఆదివారం గదా, ఉంటాదిలే."



"ఏమాయె?" అన్నాడు నెట్టికంటప్ప.

"రెండో బహుమానం. ఆపకుండా పాడితిమి."

నెట్టికంటప్ప షెడ్డులోకి పోయి డ్రమ్ముల ముందర స్టూలు మీద కూర్చున్నాడు. మనసు నిండా సంతోషం, అందులో ఒక మూల ఆ కందిగింజంత బటన్.

"బాగుండె గానీ, ఒక కష్టం వచ్చెనన్నా" అన్నాడు ఆర్థర్. "ఆ బటన్ తప్పే చెయ్యదు. నాలుగున్నర నిమిషాలు నాకు ఊపిరి పీల్చుకునే సందు లేకపాయె. వచ్చేటప్పుడు రైల్లోనే కొత్త పాట రాసినా. గుండం చుట్టూ తిరిగే మనిషి బయటికి ఎందుకు తూగుతాడు అని. మొదట నిదానం. మూడో చరణం నుంచి తాళం పరుగెత్తాల. బటన్‌తో అయ్యే పని కాదు."

"నాకు తెలిసిపాయెనని నీకెట్ల తెలిసె?"

"పాపన్న ఫోన్ల చెప్పె. మిగతాది కృప చెప్పె."

పాపన్నను ఆ నెలంతా తిట్టాలని నెట్టికంటప్ప నిశ్చయించుకున్నాడు. "ఎన్నో చరణమంటివి?"

"మూడో చరణం. సరిగ్గా నీ చెయ్యి యాడ లేస్తాదో ఆడనే."

"ఎప్పుడొస్తాండారు?"

ఆర్థర్ చెప్పాడు. నెట్టికంటప్ప ఫోను పెట్టేసి, టిప్పరు కడిగే గుడ్డతో డ్రమ్ముల మీది ఎర్రదుమ్ము తుడిచి, సుద్దముక్కతో షెడ్డు గోడ మీద, ఏడో తరగతి మొదటి మార్కు చేతిరాతతో రాసుకున్నాడు: ఆర్థర్ రాక, 2010 ఫిబ్రవరి 16, మంగళవారం.