వందన సమర్పణ మాస్టారు

జంతుశాస్త్ర విభాగంలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడక చాలా ఏళ్ళయింది. బయటి విశ్వవిద్యాలయాల నుంచి ఏ పండితుడు వచ్చి ఉపన్యసించినా, చివర్లో లేచి కృతజ్ఞతలు చెప్పేది ఆయనే కాబట్టి అందరికీ ఆయన వందన సమర్పణ మాస్టారు. స్వాగతం పలికేది హెడ్డు గారు, అతిథిని పరిచయం చేసేది హెడ్డు గారికి కావలసినవాళ్ళు. మిగిలింది ఈయన నెత్తిన పడింది. పడితే పడింది, దాన్ని ప్రాణంలా చూసుకున్నాడు. పండితుడితో మొదలుపెట్టి, మైకు సరిచేసినతను, కుర్చీలు తుడిచినతను, కిటికీలోంచి వచ్చిన గాలి దాకా ఎవరినీ వదలడు.

వినేదెవరు? ఆయన గొంతు సవరించుకుంటే చాలు, జనానికి అది టీకి పిలుపు. కుర్చీలు కిర్రుమంటాయి. మైకు సరిచేసినతని వంతు వచ్చేసరికి అతను కూడా టీ దగ్గరే ఉంటాడు.

ఆ రోజు పొద్దున అద్దం ముందు సాధన చేస్తుంటే, ఇస్త్రీ చొక్కా అందిస్తూ భార్య అడిగేసింది.

"ఇన్నేళ్ళుగా చెప్తున్నారు కదా, చివరిదాకా కూర్చుని విన్నవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

ఆవిడ వెక్కిరించలేదు, ఊరికే అడిగింది. అందుకే మరీ గుచ్చుకుంది. ఇవాళ ఒక్కరైనా వినకపోతే ఈ పనికో దణ్ణం పెట్టేస్తానని ఆవిడకు మాటిచ్చి బయల్దేరాడు.

హాలు నిండింది. ఉపన్యాసం చీమల మీద. పండితుడు మాత్రం రాలేదు. బయల్దేరాడని ఒక ఫోను, దారి తప్పాడని ఇంకో ఫోను. స్వాగతం అయింది, పరిచయం రెండుసార్లు అయింది, జనం ఆవలిస్తున్నారు. మైకు ఖాళీగా కనిపిస్తే హెడ్డు గారికి కాళ్ళూ చేతులూ ఆడవు. మాస్టారి చెవి దగ్గరికి వంగారు.

"ఎలాగూ చెప్పాల్సిందే కదండీ, ఆ వందనాలేవో ముందే కానిచ్చేయండి. ఆయన రాగానే ఉపన్యాసం పెట్టుకుందాం."

మాస్టారు లేచి, ఇంత విలువైన ఉపన్యాసం అందించిన మహనీయులకు అన్నాడో లేదో, జనమూ లేచారు. ఉపన్యాసం ఎప్పుడు అయిందా అని ఒక్కరికీ అనుమానం రాలేదు. వందనాలు మొదలయ్యాయంటే అయిపోయినట్టే లెక్క. బాగానే మాట్లాడాడని కొందరు, కాస్త సాగదీశాడని కొందరు అనుకుంటూ బయటికి నడిచారు. వాళ్ళను ఆపడానికి పరిగెత్తిన హెడ్డు గారి చేతిలోనూ ఎవరో కప్పు పెట్టారు.

మాస్టారు మొండిఘటం, ఆపలేదు. అంతలో నలిగిన కోటు వేసుకున్న ఒకాయన రొప్పుతూ వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఒక్కరినీ వదలకుండా తీరిగ్గా చెప్పాడు. కోటు ఆయన కదల్లేదు సరికదా, చివర్లో చప్పట్లు కూడా కొట్టాడు.

"చాలా బాగా చెప్పారండీ. ఇక నేను మొదలుపెట్టొచ్చా?" అన్నాడు.

పండితుడు ఈయనేనని అప్పుడు తెలిసింది. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. జనాన్ని పిలుచుకొస్తానని వెళ్ళబోతే పండితుడు వద్దన్నాడు, టీ తాగేవాళ్ళను కదపడం పాపమన్నాడు. మాస్టారు ఒక్కడూ ముందు వరసలో కూర్చున్నాడు.

ఎదురుపడిన రెండు చీమలు ఎందుకు ఆగుతాయో పండితుడు చెప్తున్నాడు. కాసేపటికి మాస్టారికి ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్ళలో ఎన్ని ఉపన్యాసాలకు కూర్చున్నాడో, ఒక్కటీ వినలేదు. అవతల ఎవరు మాట్లాడుతున్నా లోపల తన వందనాలే వల్లెవేసుకునేవాడు. ఇవాళ అవి అయిపోయాయి, వల్లెవేసుకోడానికేమీ లేదు. జనం మీద ఇన్నాళ్ళూ పడ్డ కోపమంతా తలచుకుంటే ఆయనకు సిగ్గేసింది.

ఉపన్యాసం ముగిసింది. పండితుడు కాగితాలు సర్దుకుని, అలవాటు ప్రకారం వందనాల కోసం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాస్టారు లేచాడు. నోరు తెరిస్తే ఒక్క పొగడ్తా రాలేదు.

"నాకు సగమే అర్థమైందండీ," అన్నాడు. "ఆ చీమలు ఆగేది ఎందుకో, ఇంకొక్కసారి చెప్తారా?"

ఇన్ని చోట్ల మాట్లాడినా ఆ మాట తననెవరూ అడగలేదని పండితుడు మెల్లగా చెప్పాడు. వేదిక దిగి, మాస్టారి పక్క కుర్చీలో కూర్చుని, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు.